పచ్చసొన

స్వాన్సీలో చర్చి వెనక హాలు, శనివారం.
పదకొండు మంది పిల్లలు, డజను గుడ్లు.
ఒకటి ముందే నేలపాలు.

"తెల్లసొన వేళ్ళ సందుల్లోంచి జారిపోనీండి.
పచ్చసొనని మాత్రం
నిద్రపోయే బిడ్డని చేతులు మార్చినట్టు
ఈ అరచేతి నుంచి ఆ అరచేతికి..."

ఎర్రమట్టి నూరుతూ చెప్పాను:
ఆరువందల ఏళ్ళ కిందట ఇటలీలో
పడుచు ముఖాలకి పట్నం కోడి గుడ్డు, పాలిపోయిన సొన;
ముసలి ముఖాలకి పల్లె కోడిది, ముదురు సొన.

కెరిస్ చేతిలో సొన చిట్లింది.
ఏడవలేదు.
మోచేతిదాకా కారిన పసుపులోనే కుంచె అద్ది
తాత బుగ్గలు దిద్దింది.
"మా తాతకి కోళ్ళున్నాయి" అంది,
అదే రుజువన్నట్టు.

రాత్రి ఆమ్లెట్‌కి గుడ్డు కొట్టబోయి
దీపానికి అడ్డం పెట్టి చూశాను.
పట్నందా, పల్లెదా?
పెట్టె మీద ధర ఒక్కటే ఉంది.