ఐసు సున్నా

నరసాపురంలో ఐసు ఫ్యాక్టరీ మీద మేడ, మా ఆఫీసు.
కింద దిమ్మలు పగిలినప్పుడల్లా
నా బల్ల మీద టీ గ్లాసు ఒణుకుతుంది.

లోడు అనే క్లాసు నెత్తిన ఒక్క అట్ గుర్తు పెట్టి వదిలేశాను.
మిగతాదంతా అదే అల్లుకుంది.
చెరువు, కౌంటు, తూకం, ఐసు
చుక్క తర్వాత చుక్క,
ఏ వరసలో చెప్పినా వింటుంది.
చెప్పకపోతే మాత్రం
ఏమైందని అడగదు.

"మేడంగారండీ, మొగల్తూరు లోడుకి
ఐసు సున్నా అని కొట్టిందండీ చీటీ.
సున్నాయే వేశాం. ఆయ్."
తిరుమాని ఏడుకొండలు గుమ్మంలోనే నిలబడ్డాడు,
లుంగీ అంచు నుంచి నీళ్లు కారుతూ.
భీమవరం చేరేసరికి రొయ్యల తలలు నల్లబడ్డాయట.

నేను రాశాను కదా!
కిలో రొయ్యకి కిలో ఐసు,
ఎవరూ ఏమీ అనకపోతే ఇదే లెక్క అని,
ఆ క్లాసులోనే, పదకొండో లైన్లో.

రాశావులే, అంది పసుప్పచ్చ వార్నింగు.
మూడు నెలల్నుంచీ అదే చోట అదే మాట,
నేనే పైకి తోసేసి పోయేదాన్ని:
ఆ లైను బిల్డర్ కంటికి ఆనదు,
డిఫాల్ట్ అని విడిగా బొట్టు పెడితే తప్ప.

బొట్టు పెట్టాను. అరనిమిషం పని.
అయినా లేవబుద్ధి కాలేదు.

"మరి నీకు అనుమానం రాలేదా, ఏడుకొండలూ?"
"పార ఎత్తానండీ.
కంప్యూటర్ వద్దంది కదాని దించేశాను."

ఎత్తిన ఆ పారని ఎక్కడ పెట్టాలి?

బిల్డర్ పేరుతోనే లోపలొక చిన్న క్లాసు తెరిచాను.
బిల్డ్ అన్న ఒక్క పనీ నా చేత్తో రాశాను.
తూకం లేదా, ఆగు.
ఐసు సున్నాయా, ఆగు, అరువు.
చివర్లో మాత్రమే, అన్నీ కుదిరితే, లోడు కట్టు.
కంపైల్ చేస్తే
నేను రాసింది రాసినట్టే ఉంది.
దాని చుట్టూ, దాన్ని తాకకుండా,
మిగతావన్నీ తనే పుట్టించుకుంది యంత్రం,
చేపలబుట్టలో రాయి పడితే
నీళ్లు పక్కకి జరిగినంత తేలిగ్గా.

తెల్లారుజామున నాలుక్కి ఫోను.
వెనకాల లారీ ఇంజను, దిమ్మల చప్పుడు.
"ఇదేంటండీ, తూకం చెప్పలేదని
చీటీ ఇవ్వనంటోంది నాకు!
ఇరవయ్యేళ్లుగా ఎక్కిస్తున్నానండీ, నాకే!"

కోపమో, మురిపెమో తెలియలేదు.
తూకం చెప్పమన్నాను.
చెప్పాడు.