మూడు మిల్లీలు

కొర్లగుంటలో మా నాయన సెలూనుకు పేరు లేదు.
పెయింటరు బోర్డు మీద కత్తెర బొమ్మ గీసి
అక్షరాలు రేపొచ్చి రాస్తానన్నాడు,
పోయినోడు పోయినట్టే.

గడ్డం గీశాక రాసే మందు సీసా
ఒక్కసారిగా ముప్పై రూపాయలు పెరిగిన నెలలో
"ఘాటు నీళ్ళేగదమ్మే, మనమే కలుపుకుందాం" అన్నాడు.

నాకప్పుడు ఫార్మసీ రెండో ఏడు.
హోమియో డాక్టరు నాగభూషణం గారు చీటీ రాసి
లీటరు స్పిరిటు ఇప్పించారు, తొంభై అయిదు పాళ్ళది.
మూత తీస్తే ముక్కు వెనక్కి నడిచేది.
వట్టివేరు నూనె పది చుక్కలు,
చిటికెడు పచ్చకర్పూరం, చెంచాడు గ్లిజరిన్.
ఇక మిగిలింది నీళ్ళు.
ఎన్ని నీళ్ళన్నదే లెక్కంతా.

మొదట డెబ్బై అన్నాను.
పుస్తకంలో క్రిములకు డెబ్బై.
నాయన తన చెంప మీదే చరుచుకుని
కాసేపు కళ్ళు తెరవలేదు.
"పురుగులకు సరేమే, మనుషులకో?"

నలభైకి దించాను.
నీళ్ళు పడ్డాయో లేదో సీసా తరవాణిలా తెల్లబడింది.
కర్పూరం అలిగి మళ్ళీ పలుకులైంది,
వట్టివేరు చుక్కలు చుక్కలుగా వేరుకాపురం పెట్టింది.

యాభై. అరవై. మళ్ళీ యాభై.
స్టీలు గ్లాసులకు నేనంటించిన చీటీలు
టీ పోయాలని అమ్మ కడిగి పారేసింది.

ఒక సాయంత్రం కొలగొట్టంలో
సరిగ్గా యాభై స్పిరిటుకు యాభై నీళ్ళు పోశాను.
గాజు గోరువెచ్చనయింది.
నూరు రావాలి,
తొంభై ఏడు దగ్గరే ఆగింది.
"మిగతా మూడూ యాడికి పోయినాయి?"
నేను అణువుల దగ్గర మొదలుపెట్టేలోపే
ఆయనే అన్నాడు,
"కొండ బస్సులో ముగ్గురి సీట్లో నలుగురు సర్దుకోరా, అట్లే."

నాయన కొలత వేరు.
అరచెయ్యి చెంపకు తగిలిన మరుక్షణం
పళ్ళ సందుల్లోంచి మనిషి లోపలికి లాగే గాలి,
స్స్...
అదీ ఆయన గీత.
హమాలీ మునెయ్యకు అరవై అయితేనే పలికేది.
మొటిమల పిల్లోడికి యాభైకే కళ్ళ నీళ్ళు.
టైలరు దస్తగిరి సాబుకు చుక్క స్పిరిటు లేదు,
తడిపిన పటికముక్క, అడక్కుండానే.
ఘాటు ఎక్కువైతే తిట్టొస్తుంది, దానికి నాయన నవ్వేవాడు.
తక్కువైతే మనిషి
అద్దంలోకి చూడకుండానే లేచిపోతాడు,
దానికి మాత్రం రాత్రి అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

రిటైరైన కండక్టరు చెంగల్రాయులు
ఆదివారం ఆదివారం వచ్చేవాడు.
"అరవైదే కొట్టప్పా, చిల్లర లేదనకుండా" అనేవాడు.
ఇరవై ఏళ్ళు ఘాటుకు ఎదురుచూసి ముఖం చిట్లించిన మనిషి.

ఆస్పత్రిలో పెరిగిన నాలుగు రోజుల గడ్డంతో
ఆయన్ని ఇంటికి తెచ్చినప్పుడు
నాయనకు కబురొచ్చింది.
నేను లేను అక్కడ.
అమ్మతో చెబుతుంటే విన్నాను:
తెల్లటి నురగ తీసేశాడు,
గడ్డం కింద మడత దగ్గర ఎప్పట్లాగే చర్మం లాగిపట్టాడు,
ఒక్క గాటు పడలేదు.
చేతి అలవాటున అరచేతిలో ఒంపుకుని
రెండు చెంపలకూ అద్దాడు.
అద్ది, ఆగాడు.
"ఎందుకు నిలబడుకున్నానో
సగంసేపటికి గానీ నాకే తెలిసిరాలే."

వారం రోజులు సీసా అలమర మీది నుంచి దిగలేదు.
అందరికీ పటికే.
ఎనిమిదో రోజు పొద్దున
కొలగొట్టం తుడిచి నా ముందు పెట్టాడు.
"యాభై అయిదు చెయ్."
ఎందుకని నేను అడగలేదు.
యాభై ఎనిమిది స్పిరిటు, నలభై రెండు నీళ్ళు.
గీత మళ్ళీ నూరుకు అందలేదు.
వంగి చూశాడు, వేలితో గాజు మీద ఆ ఖాళీని తడిమాడు,
ఏమీ అనలేదు.

మునెయ్య మాత్రం
ఈ మందు చప్పగుందని
రెండు నెలలు గొణుగుతానే ఉండె.