పుత్తూరు కట్టు

పదిహేడేండ్లప్పుడు నన్ను నీవా ఏటిలో ముంచినారు.
ఆ ఏడు వానలు బాగా పడినాయి,
మొలలోతు నీళ్ళు, ఎర్రగా.
అయ్యగారు నా ముక్కు పట్టుకొని
"కడవరకు వెంబడిస్తావా" అన్నారు.
చలికి పండ్లు కొట్టుకుంటా ఉంటే
ఊ అన్నానో, వణికినానో
ఇప్పటికీ నాకు తెలీదు.
ఆయన మాత్రం ఊ అన్నట్టే రాసుకున్నారు.
పైన ఇంగొకాయన కూడా
అట్లే రాసుకున్నట్టుంది.

ఆ ఏరు ఇప్పుడు లేదు.
ఇసుకంతా లారీలెక్కి పోయింది,
గుంతల్లో కంపచెట్లు.
నేను మునిగిన తావున పందులు పొర్లతా ఉండాయి.
చీటీ కంపెనీ ఎత్తిపోతే
కట్టినోళ్ళకు బాకీ ఉండదు గదా అని
ఒకనాడు నాలో నేనే లెక్కేసుకున్నా.
లెక్క కుదర్లేదు.
ఏరు పోయింది, మాట పోలేదు.

బతుకంతా బెల్లం గానుగ కాడ.
పెనం కింద చెరుకుపిప్పి ఎగదోసేది నా పని.
మంట పెరిగితే పాకం మాడతాది,
తగ్గితే కుదురుకోదు,
మధ్యలో లేచి పోయేదానికి లేదు.
నా భక్తి కూడా అట్లాంటిదే అని చెప్పుకునేంత
మంచిదాన్ని కాదులే.
పెనం ముందరే కునుకు తీసినదాన్ని,
రెండుసార్లు మాడ్చినదాన్ని.

నా పెనిమిటి యోనా పోయిన పొద్దు
సమాధి తోటలో జాగాకని పోతే
సంఘపెద్ద తీతు చందా పుస్తకం తెరిచినాడు.
బాకీ నూటా నలభై.
శవం చాప మీద,
నేను చిల్లర లెక్కబెడతా గడప మీద.
ఆపొద్దు నుంచి మూడేండ్లు గుడి తొక్కలేదు.
ఆదివారం గంట మోగితే
చట్నీకి ఏమీ లేకపోయినా మిక్సీ తిప్పేదాన్ని.

ఎట్ల తిరిగొచ్చినానంటావా?
కల రాలేదు. వెలుగు కనపళ్ళేదు.
చెరుకు మోపుతో జారి కాలు విరగ్గొట్టుకున్నా.
పుత్తూరుకు బస్సులో మోసకపోయినారు.
ఆకు పసరు పూసి, గుడ్డుసొన పట్టించి,
వెదురు దబ్బలు పెట్టి గుడ్డ చుట్టి
ఆ కట్టు కట్టే ముసలాయన అన్నాడు:
"అతికేది ఎముకే, మే, నేను కాదు.
కట్టేది నా పని, ఇప్పకుండా ఉండేది నీ పని.
దురద పుడతాది. గోకద్దు."

ఆరు వారాలు మంచం మీద.
ఎవురూ రారనుకున్నా.
తీతు వచ్చినాడు.
టిపినీలో రాగిసంగటి పెట్టి నిలబడినాడు.
తప్పయిందని ఆయన అన్లేదు,
కూర్చోమని నేను అన్లేదు.
మర్నాడూ వచ్చినాడు. పులగూర.
మూడోనాడు ఉత్త మజ్జిగ.
పందొమ్మిదో దినం నోరు తెరిచినా:
"పీట ఉండాది, కూర్చో."
అంతే.
నేను చూసిన అద్భుతం ఏదంటే
ఆ పీట మాటే చెప్తా.

ఇప్పుడు అరవై తొమ్మిది.
చలికాలం ఆ తావే లాగతాది.
మోకరించలేను,
వెనక బెంచీలో కాలు సాచుకొని కూర్చుంటా.
పాట మధ్యలో ఒక్కోసారి
నూటా నలభై గుర్తొస్తాది.
దురద.
గోకకుండా ఉండేదానికి చూస్తా.
కొన్ని ఆదివారాలు గోకతా.

మొన్న శాలువ కప్పి
యాభై రెండేండ్లు నడిచినానని చదివినారు.
అబద్ధం.
యాభై రెండేండ్లు ఎవురు నడస్తారు?
తెల్లారింది, లేచినాను, కుంటినాను,
పొద్దుగూకింది.
మళ్ళీ తెల్లారింది.

రేపు నువ్వు మునుగుతావంట, కెజియా.
ఏరు లేదు గాబట్టి గుడి వెనక సిమెంటు తొట్టిలో.
"కడవరకు" అనే మాట అడుగుతారు.
కడ ఎంత దూరమో నాకూ తెలీదు, పాపా,
నేనింగా దోవలోనే ఉండాను.
తువ్వాలు పట్టుకొని తొట్టి గట్టున నిలబడతా.
తెల్లారుజాము నీళ్ళు,
పండ్లు కొట్టుకుంటాయి, గొంతు పెగలదు.
బయపడద్దు.
వణుకు కూడా
ఊ కిందికే వస్తాది.