రెండు లీటర్ల చెరువు

పలాస దాటినా చాలాసేపు
జీడిగింజలు కాల్చిన పొగ జీపులోనే కూర్చుంది,
టికెట్టు లేని మూడో మనిషిలా.
మందసలో దిగి కోవా కొన్నాం.
తవిటినాయుడు బానెట్ ఎత్తి
లోపలికి ఓసారి చూసి, ఏమీ అనకుండా దించేశాడు.
ఆ అననిదేదో అప్పుడే అనేసి ఉండాల్సింది.

తారు అయిపోయింది. ఎర్రమట్టి.
ఆ తర్వాత వాగు తనకోసం వేసుకున్న దారిలో
మేమే అడ్డొచ్చాం.
రెండో గేరు, ఒకటో గేరు,
ఆ పైన తవిటినాయుడి తిట్లు.
ఒక పనసచెట్టు మొదట్లో
"ఇక్కడికే నా ఉజ్జోగం" అని సీటు వెనక్కి వాల్చేశాడు.

దారి చూపడానికి వచ్చింది సవర సొంబారి.
అరవై ఏళ్లుంటాయేమో, అడిగితే నవ్వింది.
చేతిలో కొడవలి, నడుముకి తాడు, కాళ్లకి ఏమీ లేవు.
నా కాళ్లకి మూడువేల బూట్లు,
మొదటి రాతిమీదే జారాయి.

జీడిపూత వాసన ఒక మలుపు వరకే.
వెదురు మొదలైంది, దానివెనకే చలి.
నా ఊపిరి నాకే పెద్దగా వినపడుతుంటే
ఆమె నాకోసం ఆగినట్టు కాకుండా ఆగేది,
ముల్లు లేని పాదంలో ముల్లు వెతుక్కుంటూ.
ఎంత దూరమని మూడుసార్లు అడిగి మానేశాను.
"దగ్గిరే" అన్న మాట ఆ కొండల్లో
కొలత కాదు, మర్యాద.

చెరువు చిన్నది.
ఇంతేనా అన్నది నోటిదాకా వచ్చేసరికి
మంచు ఓ పక్కకి జరిగింది.
అప్పటిదాకా లేని అవతలి గట్టు ఉంది.
ఓ నీటికోడి కొండ నీడని నిలువునా చీల్చుకుంటూ పోయింది.
కొండ మళ్లీ అతుక్కుంది.
ఫోన్ తీశాను. వేళ్లు వణికి
చిత్రం అలికినట్టొచ్చింది.

సొంబారి నీళ్లవైపు చూడనే లేదు.
వంగి కొండచీపురు కోసుకుంటోంది సర్రు సర్రుమని.
నేనే ఆమెకి దారిలో తగిలిన పనినని
అప్పటికి గాని తెలియలేదు.
మోపు కట్టి నెత్తికెత్తుకుని అడిగింది.
"చూసీసినావా బావూ?"
"చూసీసినాను."
"అయితే ఎలిపోదాం."

ఆరేళ్లుగా వద్దామనుకున్న చోటు
ఆ మూడు మాటల్లో పట్టేసింది.
బాటిల్ ముంచి నింపుకున్నాను,
ఇంట్లో చూపిద్దామనో, మరెందుకో.

జీపు దిగుతుంటే రెండో మలుపులో
బానెట్ కింద బుస, ఆవిరి.
కాస్త చల్లారనిచ్చి, గోనెగుడ్డతో మూత తిప్పి
తవిటినాయుడు చెయ్యి చాపాడు.
బాటిల్ ఇవ్వడానికి నేను ఆలస్యం చేశాను.
అతను చూశాడు. ఏమీ అనలేదు.
రేడియేటర్ గుటగుటా తాగింది,
నీటికోడినీ, మంచునీ, గట్టునీ.

అలా మాతోపాటు కొండ దిగింది చెరువు.
కాశీబుగ్గ గేటు దగ్గర గూడ్సుబండికోసం ఆగితే
జీడిపొగ మళ్లీ ఎక్కి కూర్చుంది.
"మంచి నీరండి" అన్నాడు తవిటినాయుడు,
ముళ్లు పైకెక్కని మీటరు చూపించి.

వారం పోయాక ఫోన్ చేశాడు.
మెకానిక్ ఆ నీళ్లు కాలవలోకి వదిలేశాడట.
చెప్పకుండా ఉండలేకపోయానన్నాడు.