ఏకడం

వార్షిక సంచికలో ఫోటో కింద వేస్తారట.
"మీ గురించి నాలుగు వాక్యాలు, దస్తగిరమ్మ గారూ,
చదువు, అనుభవం, ఈ వృత్తిలోకి ఎందుకొచ్చారు" అని
ప్రిన్సిపాల్ గది నుంచి కాగితం వచ్చింది.
మూడు రోజులుగా హ్యాండ్‌బ్యాగులో
సివిల్ ఐడీ పక్కన మడతపడి ఉంది.

మొదటి వాక్యానికే మా నాయన విల్లు అడ్డొస్తుంది.
రాయచోటి పక్కన మా ఊళ్ళో
దూది ఏకేవాడు నాయన.
ఏకడమంటే తిట్టడమనే తెలుసు మీకు.
మా ఇంట్లో అది అన్నం.
పదేళ్ళు మనుషులు పడుకుని పడుకుని రాయి చేసిన పరుపుని
విప్పి, నారికి ఆనించి, ఝుమ్మని మీటితే
రాయి మళ్ళీ మబ్బయ్యేది.
నాయన కనురెప్పల మీద, మీసం మీద, తెల్లగా.
"దూదికి కోపం లేదుమే, ఊరికే అణిగి ఉంటాది" అనేవాడు.

తర్వాత ఫోము పరుపులొచ్చాయి.
విల్లు గోడకెక్కింది.
పదో తరగతి లెక్కల్లో నాలుగు మార్కులు తగ్గి
నేను ఇరవై నంబరు వీసా మీద కువైట్ విమానమెక్కాను.

జాబ్రియాలో మూడంతస్తుల ఇల్లు.
తొమ్మిది పడకలు. అన్నీ ఫోమే.
పొద్దున్నే దుప్పట్లు లాగి సర్దుతూ
ఇదేనా మా నాయన్ని ఓడించింది, అని నొక్కి చూసేదాన్ని.

ఆ ఇంటి చిన్నోడు బదర్.
ఏడేళ్ళు. అక్షరం చూస్తే కడుపునొప్పి.
గంటకి పది దీనార్ల ట్యూషన్ మాస్టారు వచ్చి
చాయ్ తాగి, ఫోన్ చూసుకుని,
వాణ్ణి మీ అర్థంలో ఏకి పారేసి పోయేవాడు.
నాకూ అరబ్బీ రాదు. పేరుకి ముసల్మానులం,
ఇంట్లో మాట తెలుగు,
చక్కెర చదివింపుల దాకానే మా చదువు.
అయినా వాడు టేబుల్ కింద దాక్కున్న రోజు
నేనూ దూరాను, ట్రేలో మైదాపిండి పరుచుకుని.
"నాకు నేర్పురా" అన్నాను, వచ్చిన నాలుగు ముక్కల్లో.
గీత కింద ఒక చుక్క పెడితే బా.
పైన రెండు పెడితే తా.
కావాలనే తప్పు పెట్టేదాన్ని. కొన్నిసార్లు కావాలని కాదు.
వాడు నా వేలు పట్టుకుని దిద్దేవాడు.
రంజాన్‌కి ముందు ఒక సాయంత్రం
పిండిలో మూడక్షరాలు కలిపి గట్టిగా చదివాడు: బాబ్.
తలుపు.
వంటగది గుమ్మంలో వాళ్ళ జద్ద నిలబడి ఉంది,
ఎప్పటి నుంచో తెలియదు.

ఆ ముసలామె రెండేళ్ళు కొడుకుతో పోట్లాడి
నా వీసా మార్పించింది.
సాల్మియా నర్సరీలో ఆయా పని.
ముక్కులు తుడవడం, బూట్ల లేసులు.
రాత్రి అబ్బాసియాలో ఆరుగురం ఉండే గదిలో
బాత్రూము లైటు కింద ఓపెన్ స్కూల్ పుస్తకాలు.
మళ్ళీ లెక్కలు. ఈసారి డెబ్బై ఒకటి.
ఇంటర్. డిగ్రీ. గాజులమ్మి బీయెడ్.
పదకొండేళ్ళని ఇట్లా ఒక పంక్తిలో రాస్తే
ఎవరికైనా సులువుగానే కనిపిస్తుంది.

మొదటి రోజు రెండో తరగతి పిల్లలు లేచి నిలబడి
"గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నారు.
ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూశాను.

ఫోన్లో చెప్తే నాయన జీతమెంతని అడగలేదు.
"అణిగిన పిల్లోళ్ళు ఉంటారా ఆడ?" అన్నాడు.
ఉంటారు నాయనా.

నిన్న రాత్రంతా తూజ్.
పొద్దున తలుపు తీస్తే బల్లల మీద ఎర్రదుమ్ము.
కుసుమ గుడ్డ తడుపుకుని వచ్చింది,
కొలంబో మనిషి, మాటలు తక్కువ.
ఒక్క నిమిషం ఆగమన్నాను.
ఆరుని ఎప్పుడూ తొమ్మిదిగా రాసే జోయల్
అప్పటికే దుమ్ములో వేలు పెట్టేశాడు.
రాశాడు. తల అటు వంచి ఇటు వంచి చూశాడు.
అరచేత్తో చెరిపేసి మళ్ళీ రాశాడు.
దుమ్ముకి తప్పులు గుర్తుండవు.
కుసుమ చేతిలో గుడ్డ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

గంట కొట్టారు.
కాగితం మీద పేరు మాత్రం రాశాను.