బార

దిబ్బలపాలెంలో పెద్ద ఫోన్లు నాలుగే.
రెండు అప్పటికే వీరావల్‌లో ఉన్నాయి
కదలని బోట్ల మీద, మగాళ్ల జేబుల్లో.
మిగిలిన రెండింటికీ నా గొంతు పంపాను:
"పిల్లలూ, ఇంట్లో ఏదో ఒకటి కొలవండి.
స్కేలు వద్దు. దేంతో కొలిచారో చెబితే చాలు."

సాయంత్రానికి జవాబులు
వెనకాల కోళ్లు, కెరటాలు, ఎవరో ఎవరినో తిట్టడం.
బడే ధనుష్, రెండో తరగతి:
"పిల్లి తోక మూడు అగ్గిపెట్లండి. నాలుగోది ఎట్టనివ్వనేదు."
సూరాడ లిఖిత వాసనని కొలిచింది:
"మా కవ్వళ్ల పులుసు ఐదు గడపలు దాటింది మాస్టారూ,
ఆరో గడపలో ఆళ్లూ అదే వొండినారు
కలిసిపోనాది."
అన్నేళ్ల నౌకరీలో
ఏ కాపీలోనూ ఇంత మంచి లెక్క దిద్దలేదు నేను.

మోక్షిత మూడు రోజులు పలకలేదు.
నాలుగో రోజు ముందు తాత దగ్గు, ఆ వెనక ఆ గుంట:
"ఒల కొలిసినాను.
తాత బారతో పద్దెనిమిది.
నా బారతో ఇరవై నాలుగు, ఇంకా సగం.
ఒల ఒకటే కదా, మరి ఎవులిది రైటు?"

జవాబు నాకు తెలుసు
డీఎడ్‌లో రెండు మార్కులకి రాశాను కూడా.
పంపలేదు.

ఆ వారం
బోర్లించిన తెప్ప పొట్ట మీద
ఊరి బారలన్నీ బొగ్గు గీతలయ్యాయి.
మామ్మ గీత పొట్టిది, మోచెయ్యి సాగదు.
పోలీసు జీపు చప్పుడైతే
లెక్కలన్నీ తెప్ప కింద దూరి
ఊపిరి బిగబట్టేవి.

తర్వాత అడిగింది:
"వీరావల్ ఎన్ని బార్లు?"
నేను కూర్చుని లెక్క కట్టాను.
తాత బారతో పదకొండు లక్షల పైన.
మూడో తరగతి పుస్తకంలో వెయ్యి దాటి అంకె లేదు
"లచ్చకి సున్నాలెన్ని?" అని అడిగి
తడి ఇసకలో గవ్వలు పేర్చిందట.
కెరటం వచ్చి రెండు సున్నాలు పట్టుకుపోతే
సంబరపడిందట, నాన దగ్గరికొచ్చీసినాడని.

బస్సులు వచ్చాయి.
కూర్చుని కూర్చుని కాళ్లు వాచిన మనుషుల్ని
మా బళ్లోనే దించారు, పద్నాలుగు రోజులకి.
తాళం నేనే ఇచ్చాను.
మూడో తరగతి గదిలో
మోక్షిత బెంచీ పక్కన చాప పరుచుకున్నాడు దానయ్య.

కంచె ఇవతల ఆ పిల్ల.
కిటికీ దాకా ఎనిమిది బార్లు, తన బారతో.
తాడు పట్టి చూసుకుంది, ముడులేసి మరీ.
అక్కడ్నించే అరిచేది:
"నానా! గోడమీద మూడో వరసలో అచ్చరం సదువు!"
అతను తలుపు చాటుకి తప్పుకునేవాడు
వేలిముద్ర మనిషి.
మర్నాడు కిటికీలోంచి పలక ఒకటి పైకి లేచింది.
దాని మీద 'ద' తలకిందులుగా ఉంది.
"తిప్పు!" అని కేక.
పలక తిప్పాడు.
కంచె దగ్గర కానిస్టేబులు
నవ్వుకి మాస్కు సర్దుకున్నాడు.

వాళ్లు వెళ్లాక
బ్లీచింగు వాసనలో గది తెరిచాను.
బోర్డు మీద 'దనయ'
దీర్ఘం లేదు, వొత్తు లేదు.
బోర్డుకి అటూ ఇటూ, ఫ్రేము దాటి గోడ మీద
రెండు సుద్ద గీతలు.
ఏమిటవి అని తాతని అడిగితే
"గుంట అడిగింది బాబూ, ముట్టుకోనివ్వరు కదా,
నీ బార ఎంతో గీసి ఉంచు నానా అని."

బడి తెరిచిన రోజు
ప్రార్థన గంటకి ముందే వచ్చింది.
గీతల మధ్య వీపానించి చేతులు చాచింది.
రెండు జానలు తక్కువ.

మొన్న రంగులేసేవాళ్లు వచ్చారు.
ఆ గోడ వదిలెయ్యమన్నాను.
మురికి కదండీ అన్నారు.
కాదు, కొలబద్ద అన్నాను.