ముక్కు

ముప్పై రెండేండ్లు నా ముక్కుకే జీతమిచ్చిన్రు.
ఆబ్కారీ జవాను మైసయ్య వస్తుండంటే
ధూల్‌పేట గల్లీలల్ల కుక్కలు సుత మొరగకపోయేటివి.

మందు బందున్న ఆ రెండేండ్లు
మనుషుల నోళ్లు వాసన చూసిన.
"హా అను" అంటే "హా" అనేటోళ్లు,
పెండ్లికొడుకులు, గుమస్తాలు, ఒక లెక్కల పంతులు.
వక్కపొడి, ఏలక్కాయ, జామాకు,
వాటెనక దాక్కున్న నల్లబెల్లం, నవసాగరం
దేనికది తెలిసేది నాకు.

ట్యూబులు కోసినం, కుండలు పలగ్గొట్టినం.
నాలా తాగింది, మూసీ తాగింది,
మనుషులు మాత్రం మానలే.
బీదర్ బస్సుల సీట్ల కింద సీసలు మొలిచినయి.
మా సారు ఇంటికి రెండో అంతస్తు లేచింది.
గుడుంబాకు కండ్లు పోయిన యాదవ్వ మొగడు
నేను దగ్గరికి రాకముందే
"మైసయ్యా" అని పిలిచేటోడు.
ఎట్ల పట్టినవంటే
"ఖాకీకి వాసనుంటది బిడ్డా" అన్నడు.

ఒకనాడు కాగితం మారింది.
అదే లాఠీ, అదే నేను,
వైన్‌షాపు ముంగట లైను సక్కజేస్తున్న.
నిన్నటి ముద్దాయి ఇయ్యాల గిరాకీ.
నడిమిట్ల ఒక్క రాత్రే.
ఆ రాత్రి నేరం యాడికి పోయిందో
ఎవ్వరు పంచనామా రాయలే.

పోయిన బోనాలకు వారం ముందు
మంగళ్‌హాట్ మలుపు కాడ
పంక్చర్ల భూపాల్ కొడుకును ఆపిన్రు.
ఫోన్ గుంజుకున్నరు, వేళ్లు వాసన చూసిన్రు.
జేబుల పొట్లం.
కంసాలి త్రాసు తెప్పించిన్రు: ఎనిమిది గ్రాములు.
తులానికి రెండు తక్కువ.

గంజాయి మంచిదని నేననను.
నా తమ్ముని కొడుకు దానితోనే
ఏడాది పిచ్చోని లెక్క తిరిగిండు.
మందు మంచిదని సుత అనలేదు కదా ఎవ్వరు,
దుకాణం తెరిచిన్రు అంతే.
హోలీకి ఆకు నూరితే పండుగ,
అదే చెట్టు పువ్వు పొట్లం గడితే కేసు.

జమానతుకు పైసల్లేక పదకొండు రోజులు
ఎనిమిది గ్రాములోడు
ఎనభై కిలోలోని పక్కన పండిండు.
పన్నెండోనాడు వాళ్లమ్మ సుగుణ
పుస్తెలు తీసి తూకమేయించింది.
తోడు పోయిన నేను త్రాసును గుర్తుపట్టిన.

పోరడు ఇంటికొచ్చి
నా అరుగు మీద కూసున్నడు, మాట లేదు.
పింఛనొచ్చినా ముక్కు పని మానలే.
వాని మీద గంజాయి లేదు.
ఫినాయిల్, తడిసిన కంబళి,
ఇంకోటేదో, పాతది.
ఇంట్లకు పోయి
నా ఖాకీ పెట్టె మూత తెరిచిన.